బాపు చెవి, నా సీడీ ప్లేయరు

ఒక పాటల పెట్టె కొనడానికి నాకు పది నెలలు పట్టింది. కొందరు ఆ పది నెలల్లో ఇల్లు కట్టి గృహప్రవేశం కూడా చేస్తారు. ఈ మాట విని ఎవరైనా నవ్వితే నాకు కోపం వస్తుంది. నవ్వకుండా జాలిగా చూస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. అందుకే ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నల్లగొండలో చెవుల డాక్టరు దగ్గరికి మా నాయనను, అదే మా బాపును, తీసుకుపోయిన రోజు మొదలైంది ఇదంతా. బాపుకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవిలో కూడా నరం చచ్చుబడుతున్నదని, చెవి మిషను పెట్టుకున్నా అది కొంతకాలమే ఆదుకుంటుందని డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఎంతకాలం సార్ అని అడిగితే చెప్పలేమన్నాడు. బయటికొచ్చి బస్టాండులో సోడా తాగుతుంటే బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, గీ చెవు బందు కాకముందే మీ అమ్మ పాట ఒక్కసారి ఇనిపియ్యి. మొదటికెళ్లి ఆఖరుదాక."

"గదెంత పని బాపు? వారంల ఇనిపిస్త" అన్నాను.

వారం! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నోటిని నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

మా అమ్మ కూలికి నాట్లు వేసేది. ఆత్మకూరు దిక్కు మా ఊళ్లో మాకు గుంట భూమి లేదు కానీ, ఎవరి పొలంలో నాటు పడినా పాట ఎత్తేది మాత్రం అమ్మే. ఆమె ఒక వరుస అంటే, మిగతా ఆడవాళ్లు వంచిన నడుము ఎత్తకుండానే ఆ వరుసను తిరిగి అనేవాళ్లు. బాపు గట్టు మీద నారు కట్టలు మోసేవాడు. అమ్మ గొంతు ఎత్తిందంటే చేతులు ఎంత జోరుగా ఆడేవంటే, నారు అందించలేక బాపు పైకే తిట్టేవాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో పల్లె పాటలు పోగు చేస్తామంటూ పట్నం నుంచి ఇద్దరు వచ్చి, గట్టు మీద మైకు పెట్టి ఆ పాటలు పట్టుకుపోయారు. కొన్నాళ్లకు ఒక సీడీ పంపించారు. అందులో ఏడు పాటలు. మరో మూడేళ్లకు అమ్మ పోయింది. ఆ సీడీలో తప్ప ఆమె గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు.

అమ్మ పోయాక బాపు నందికొండలో మా అక్క ఇంట్లో ఉంటున్నాడు. బావ డ్యాం మీద పనిచేస్తాడు, వాళ్లకు క్వార్టరు ఉంది. సీడీ కూడా బాపుతోనే పోయింది. అక్కవాళ్ల పాత డీవీడీ ప్లేయరు ఒక వానాకాలం పిడుగు పడినప్పుడు కాలిపోయింది. అప్పటి నుంచి సీడీ బాపు ట్రంకు పెట్టెలో, అమ్మ చీర మడతలో ఉండేది.

"ఫోన్లకు ఎక్కించి ఇయ్యరాదయ్యా, గింత దానికి గంత ఫికరేంది?" అన్నది నా భార్య. ఆమె మాట వింటే కథ అక్కడే ముగిసేది. కానీ సీడీని ఇల్లు దాటనియ్యనని బాపు పట్టు పట్టాడు. ఊళ్లో ఒకాయన కాపీ చేస్తానని తీసుకుపోయి నెలల తరబడి తిప్పించుకున్నాడట. పైగా నాకూ ఫోన్ నచ్చలేదు. గోరంత స్పీకరులో అమ్మ గొంతు వినిపించడమేమిటి? వినిపిస్తే అమ్మ పొలంలో నిలబడి పాడినట్టే ఉండాలి. ఇది నా పట్టు.

నా ఉద్యోగం గురించి కూడా చెప్పాలి. నేను చౌటుప్పల్‌లో ఒక మందుల కంపెనీలో నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తాను. నా సంతకం లేనిదే డబ్బా గేటు దాటదు. ఒక్క కాగితం తక్కువైనా సరుకు ఆపేస్తాను. లారీ డ్రైవర్లు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటారు. ఇరవై ఏళ్లుగా ఆపడానికే జీతం తీసుకుంటున్నవాణ్ని, ఇంట్లో మాత్రం ఎట్లా ఊరుకుంటాను?

మొదట నల్లగొండలో పెద్ద దుకాణానికి పోయాను. పాటల కోసమే సీడీ ప్లేయరు కావాలన్నాను. దుకాణం ఆయన కళ్లద్దాలు తీసి నన్ను ఎగాదిగా చూశాడు.

"సారూ, గది కావాల్నంటే మా నాయిన గల్లా మీద కూసున్నప్పుడు రావాలె. ఇప్పుడు టీవీ జూపియ్యాల్నా?"

ఆ సంగతి చెబితే ఫోన్లో మా బావ పగలబడి నవ్వాడు.

"బామ్మర్దీ, లోకం ఏడికో పోయింది, నువ్వింక సీడీ ప్లేయరు కాడనే ఉన్నవు. బ్లూరే ప్లేయరు తీస్కో. సీడీ ఎయ్యి, పాడుతది. డీవీడీ ఎయ్యి, పాడుతది. సినిమా ఎయ్యి, ఇంట్లనే థియేటర్."

"అన్ని పనులు చేసేది ఒక్కటి గూడ సక్కగ చెయ్యది బావా."

"మరి నువ్వు ఒక్క పనే జేస్తవు గద, గదన్న సక్కగ చేస్తున్నవా?"

వెనకాల అక్క నవ్వడం వినపడింది. ఒళ్లు మండింది. ఆ మంటలోనే, ఏమైనా సరే బ్లూరే కొనకూడదని నిశ్చయించుకున్నాను.

నిజం చెప్పాలంటే బావ మాటలో తప్పులేదు, నా మాటలోనూ లేదు. బ్లూరే ప్లేయరు సులభంగా దొరుకుతుంది, సీడీని చదువుతుంది కూడా. కాకపోతే టీవీ పెడితే తప్ప దాని కడుపులో ఏముందో తెలియదు. సీడీ పెట్టే పళ్లెం లోపలికి పోయాక అది ఆలోచించి, ఆలోచించి, తెరమీద అక్షరాలు చూపించాక గానీ పాట రాదు. చవక రకాలకు టీవీకి పోయే తీగ ఒక్కటే ఉంటుంది, కాబట్టి పాట టీవీ స్పీకర్లలోంచే రావాలి. సీడీ ప్లేయరైతే ఒక్క మీట నొక్కితే చాలు, చదువురాని బాపు కూడా నడుపుకుంటాడు. కానీ దానికి గొంతు ఉండదు. ఆంప్లిఫయరు వేరే, స్పీకర్లు వేరే కొనాలి. ఈ రెండింటి మధ్య నేను మూడు నెలలు ఊగాను. రోజూ భోజనాల వేళ ఫోనులో ఇవే చదివేవాణ్ని. కూర ఎట్లుందని నా భార్య అడిగితే "శబ్దం పలచగా ఉంటదట" అన్నానట ఒకరోజు. ఆమె గిన్నె ఎత్తుకుని లోపలికి పోయింది.

నాలుగో నెలలో బావ నాకు చెప్పకుండానే ఒక పని చేశాడు. డ్యాం మీద తనతో పనిచేసే ఒకాయన దగ్గర వాడకుండా పడి ఉన్న బ్లూరే ప్లేయరు అడిగి తెచ్చి, టీవీకి కలిపి, ఆదివారం రమ్మని నాకు ఫోన్ చేశాడు. పోయాను. బాపు చలువ బట్టలు కట్టుకుని, మిషను చెవిలో పెట్టుకుని, టీవీకి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అక్క చీర మడతలోంచి సీడీ తీసి ఇచ్చింది. బావ వేశాడు. కాసేపటికి పాట మొదలైంది.

ఏం చెప్పను? రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది. అమ్మ గొంతులో ఉండే ఆ బరువు, ఆ జీర ఏమీ లేవు. వెనక వరుస అనే ఆడవాళ్లు కీచుమంటున్నారు. బాపు మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, కుడి చెవి వెనక చెయ్యి దొప్పలాగా పెట్టుకుని టీవీ మీదికి వంగాడు. పెదవులు కదులుతున్నాయి. ఇది నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. చూసి కూడా లేచి వెళ్లి టీవీ కట్టేశాను.

"ఇదా అమ్మ గొంతు? ఛీ! అమ్మను గిట్ల వినాల్నా మనం?"

"ఉండనియ్యి బిడ్డా" అన్నాడు బాపు. "వస్తాంది గద. జర జర వస్తాంది."

"జర జర ఏంది బాపు? నేను మంచిది తెస్తా, ఆగు."

బావ తీగలు పీకి, చుట్టచుట్టి, పెట్టెను అట్టడబ్బాలో సర్ది, అదే పొద్దున దాని యజమానికి తిరిగి ఇచ్చి వచ్చాడు. నవ్వే మనిషి ఆ రోజు నాతో భోజనానికి కూడా కూర్చోలేదు. అక్క గుమ్మం దాకా వచ్చి, "తమ్మీ, సగం పాటన్న ఇననియ్యకపోతివి" అంది. నేను మూతి ముడుచుకుని బస్సెక్కాను. నాదే న్యాయమని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను.

ఆ తర్వాత అంతా నా ఖర్మ. తెప్పించిన మొదటి సీడీ ప్లేయరు పళ్లెం సగం బయటికొచ్చి ఆగిపోయింది. వాపసు పంపాను. రెండోది వచ్చేలోపు కంపెనీలో తనిఖీలు మొదలై నెలన్నర తల ఎత్తనివ్వలేదు. రెండోది వచ్చింది కానీ ఆంప్లిఫయరు లేదు. హైదరాబాద్‌లో ఒకాయన వాడినది అమ్ముతానని మూడు ఆదివారాలు తిప్పి, నాలుగో ఆదివారం ఫోన్ ఎత్తలేదు. చివరికి కొత్తదే కొన్నాను. స్పీకర్లలో ఒకటి గరగరమంది. మార్పించాను. ప్రతిసారీ ఇంకొక్క వారం అనుకున్నాను.

ఈలోపు బాపు ఫోన్లు మారుతూ వచ్చాయి. మొదట్లో "కొన్నవా బిడ్డా?" అని అడిగేవాడు. తర్వాత ఆ మాట అడగడం మానేసి వానలు పడ్డాయా, పిల్లలు తిన్నారా అనేవాడు. ఆపైన నేను ఒకటి చెబితే ఆయన ఇంకోటి మాట్లాడేవాడు. ఒకరోజు అక్కే ఫోన్ ఎత్తింది.

"బాపుకు ఫోన్ల ఇనవడతలేదు తమ్మీ. దగ్గర కూసొని ఒర్రాలె."

"మిషను పెట్టుకున్నడా?"

"పెట్టుకున్నా గంతే. గుయ్యిమంటాందట, తీసి పడేసిండు."

అప్పుడైనా ఆ రాత్రికే బయలుదేరాలి కదా? లేదు. గరగరమనే స్పీకరు మారి రావడానికి ఇంకా పదకొండు రోజులుంది. ఆగాను. ఆపడం ఒక్కటే వచ్చిన మనిషిని.

పదో నెలలో ప్లేయరు, ఆంప్లిఫయరు, స్పీకర్లు, మూడు డబ్బాలూ బస్సులో పై అరలో ఒకటి, ఒళ్లో ఒకటి, కాళ్ల మధ్య ఒకటి పెట్టుకుని నందికొండ చేరాను. బావ తలుపు తీసి, డబ్బాలు అందుకుని లోపల పెట్టాడు. ముందు గదిలో గంటసేపు తీగలు కలిపాను. ఎర్రది ఎర్రదానికి, తెల్లది తెల్లదానికి. స్పీకర్లను బాపు కుర్చీకి కొలిచి మరీ నిలబెట్టాను. బాపు గోడకు ఆనుకుని నేను చేసేదంతా చూస్తున్నాడు. అయ్యాక చేత్తో సైగ చేసి అడిగాను, సీడీ ఏదని. ఆయనకు అర్థం కాలేదు. అక్కను అడిగాను. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని వెనక వాకిలి వైపు చూపించింది.

వెనకాల జామచెట్టు ఉంది. నిండా కాయలు. కొమ్మకు కట్టిన తాడుకు అమ్మ సీడీ వేలాడుతూ గాలికి గిర్రున తిరుగుతున్నది. ఎండ పడినప్పుడల్లా తళుక్కుమంటున్నది.

"ఎవరు కట్టిండ్రు దీన్ని?" అని అరిచాను. నా అరుపుకు పక్క క్వార్టరు వాళ్లు కూడా బయటికొచ్చారు. బాపు నా వెనకే వచ్చి నిలబడ్డాడు. నా నోరు చూసి అడిగిందేమిటో ఊహించుకున్నట్టున్నాడు.

"నేనే కట్టిన. పండ్లన్ని రామచిలుకలు కొడుతున్నయి. మెరిస్తే రావట. నాకెట్లాగూ ఇనవడది, పెట్టెల పడి ఉండుడు దేనికి? దేనికన్న పనికొస్తదని."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

తాడు విప్పి దించాను. ధూళి, ఒక పక్క పిట్ట రెట్ట, సన్నటి గీతలు. మెత్తటి బట్ట తడిపి తుడిచి, చొక్కా అంచుతో ఆరబెట్టి, పళ్లెంలో పెట్టి మీట నొక్కాను. పాడదనే అనుకున్నాను. ఆడకపోతే తప్పు చెట్టు మీదికో, చిలుకల మీదికో నెట్టేసేవాణ్నేమో. కానీ ఆడింది. రెండు చోట్ల ఎగిరింది, అంతే. గది నిండా అమ్మ గొంతు. ఆ బరువు, ఆ జీర, వరుసకూ వరుసకూ మధ్య ఊపిరి తీసుకోవడం, ఎక్కడో గట్టు మీద నారు కట్ట నీళ్లలో పడిన చప్పుడు, దాని వెనకాలే ఒక మగమనిషి విసుక్కోవడం. అది బాపు గొంతు. ఆ ముక్క సీడీలో ఉందని మాకెవరికీ తెలియదు. అక్క గుమ్మంలో కూలబడింది. బావ గోడవైపు తిరిగాడు.

బాపు కుర్చీలో కూర్చుని మా మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. లేచి వచ్చి స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు అట్లాగే ఉంచి తీసేశాడు.

"నడుస్తాందా?" అని అడిగాడు.

తల ఊపాను.

"మంచిగ వస్తాందా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే నేను పది నెలలు తిరిగాను. ఆయన కుడి చెవికి నోరు ఆనించి, ఉన్న గొంతంతా పెట్టి "మంచిగ వస్తాంది బాపు" అని అరిచాను. ఆయనకు అది కూడా వినపడలేదు. నేను మళ్లీ తల ఊపడం చూసి అర్థం చేసుకుని, కండువా భుజాన వేసుకుని వెనక వాకిలి వైపు నడిచాడు. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"నువ్వు ఇనుడైనంక మల్ల కట్టెయ్యి బిడ్డా. చిలుకలు నాలెక్క ఆగయి."