అత్తగారి రేవుకు ఎర్రబోర్డు

నగరపాలక సంస్థ నీళ్ల ల్యాబులో ఆమెది చూడ్డానికి చిన్న ఉద్యోగమే. వారం వారం నది రేవుల్లో మోకాలి లోతుకు దిగి, సీసాలు ముంచి, ఐసుపెట్టెలో సర్దుకొచ్చి, ఆ నీళ్లలో మురుగు క్రిములు ఏ మాత్రం ఉన్నాయో చూడాలి. ఈతకు పనికొస్తే రేవు దగ్గర పచ్చబోర్డు, లేదంటే ఎర్రబోర్డు.

ఆ ఉద్యోగం వచ్చేనాటికి ఆమె చంకలో పసిపిల్ల. మానేద్దామనుకుంటే అత్తగారు ఒప్పుకుంటేనా! "పిల్ల సంగతి నాకొదిలెయ్. చదివిన చదువు అటకెక్కిస్తావా?" అని బస్టాపుదాకా తరిమినంత పని చేసింది.

ఆ అత్తగారికి ఈతంటే ప్రాణం. నేల మీద కుంటుతూ నడిచే మనిషి నీళ్లలో పడితే చేపే. తెల్లారేసరికి స్నేహితురాళ్లతో మెట్లరేవులో ఉండాల్సిందే.

కొన్నేళ్లకి, పిల్ల బడికెళ్లే వయసులో, ఓ చలికాలం సరిగ్గా ఆ మెట్లరేవు నీళ్లే చెడ్డాయి. కోడలు నమ్మలేక మళ్లీ పరీక్ష చేసింది. అదే ఫలితం. గుండె రాయి చేసుకుని తన చేత్తోనే ఎర్రబోర్డు తగిలించింది.

"సొంత అత్త రేవే దొరికిందా తల్లీ నీకు?"

"నీళ్లు బాగాలేవు అత్తయ్యా. జబ్బు చేస్తుంది."

"ఇన్నేళ్లు మునిగాను, నాకేమైంది?"

"ఏమీ కాకూడదనే కదండీ."

అంతే, మాటలు బంద్. ఏం కావాలన్నా మనవరాలి ద్వారానే. "ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టిందో మీ అమ్మనడగవే" అనేది, పక్కనే ఉన్న కోడలికి వినబడేలా.

మురుగు ఎక్కడ కలుస్తోందో తెలిస్తేగా బాగుచేయడానికి! పై రేవు నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి. గట్టు పొడుగునా వెతికినా ఒక్క కాలువా కనబడలేదు. ఓ సాయంత్రం అత్తగారి మోకాళ్లకు నూనె రాస్తూ ఆ గోడే వెళ్లబోసుకుంది. ఆవిడ మనసు కరిగింది.

"మెట్ల పక్కన నల్లబండ ఉంది చూడు. దాని వెనక నీళ్లు కాలికి గోరువెచ్చగా తగులుతాయమ్మాయ్. చలికి హాయిగా ఉంటుందని మేమంతా అక్కడే..." అంటూనే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఛీ ఛీ! అదా ఆ వెచ్చదనం!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు.

మర్నాడే నగరపాలక సంస్థ మనుషులొచ్చి చూస్తే, బండ కింద, నీళ్లలోనే, పాత మురుగు గొట్టం పగిలి ఉంది. మరమ్మతు చేశారు. పై అధికారి మెచ్చుకుంటే, "నాదేం లేదు సార్, మా అత్తయ్య కాలు కనిపెట్టింది" అంది గర్వంగా.

నీళ్లు తేరుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. పచ్చబోర్డు పెట్టిన పొద్దున స్నేహితురాళ్లు ఇంకా మెట్ల మీదే తటపటాయిస్తున్నారు. అత్తగారు కోడలి వైపు తిరిగింది.

"నువ్వే పరీక్ష చేశావా?"

"నేనే, అత్తయ్యా."

"అయితే ఇంక చూడ్డానికేముంది? మా కోడలు చూసిందర్రా, దిగండి!" అంటూ అందరికంటే ముందు నీళ్లలోకి దూకింది.

ఎన్ని పరీక్షలు చేసినా, ఇంత నమ్మకం ఎవరుంచారు తన మీద, అనుకుంది కోడలు. ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక, ఆఫీసుకి ఆలస్యమవుతున్నా కాసేపు అక్కడే కూర్చుని, వాళ్ల ఈత కళ్లారా చూసి వెళ్లింది.