స్కర్టు అంచులో మూడు వేళ్ల మడత

ముందుగా ఒక మాట. నేను ఐదో తరగతి వరకే చదివాను. రాయ్‌పూర్‌కి కాపురానికి వచ్చాక పుట్టింటికి ఉత్తరాలు తప్ప తెలుగులో ఏమీ రాయలేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. నా రాత బాగోదు, నవ్వకండి. ఈ చేతికి సూది అలవాటు గాని కలం అలవాటు లేదు.

మా ఆయన రైలు వ్యాగన్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు. మా క్వార్టర్ల లైనులో సగం మంది శ్రీకాకుళం వైపు వాళ్లే. నేను ఇంట్లో మిషను కుడతాను. జూన్ వస్తే లైనులో పిల్లల బడి బట్టలన్నీ నా దగ్గరికే వస్తాయి. ఆడపిల్లల స్కర్టుకి అంచు లోపల మూడు వేళ్ల మడత వదిలి కుడతాను. మరుసటేడు పిల్ల ఎదిగితే కుట్టు విప్పి కిందికి దించుతాను. పాత అంచు ఉన్నచోట గీత కనబడుతుంది. ఆ గీతలు చూసి ఏ పిల్ల ఎంత ఎదిగిందో చెప్పేస్తాను.

మా అమ్మాయి స్కర్టుకి మాత్రం ఏళ్ల తరబడి గీత పడలేదు.

దానికి పదో ఏట కడుపునొప్పి మొదలైంది. తింటే నొప్పి, రోజుకి ఏడెనిమిది విరేచనాలు, సాయంత్రానికి జ్వరం. బళ్లో తలుపు పక్క బెంచీ అడిగి కూర్చునేది, పరిగెత్తడానికి వీలుగా ఉంటుందని. మొదట నులిపురుగులన్నారు. తరవాత పేగుల్లో టీబీ అంటే ఏడాది మందులు మింగించాం. చివరికి నాగపూర్ తీసుకెళితే గొట్టం వేసి చూసి, ముక్క తీసి పరీక్ష చేసి, క్రోన్స్ అన్నారు, పేగులు లోపల వాచి పుండ్లు పడే జబ్బట. ఆ పేరు నాకు నోరు తిరగడానికే నెల పట్టింది.

కొత్త మాత్రలు రాశారు. నేను చెప్పేదాకా ఆపకండి అని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. రెండు నెలల్లో నొప్పి పోయింది. ఆకలి పెరిగింది. ముఖం నిండుగా, గుండ్రంగా అయింది. పక్క క్వార్టరావిడ చూసి బుగ్గలు పుణికింది.

"ఓలమ్మ, గుంట ఎలాగ బొద్దుగా అయిపోనాదే! ఏటి పెడతన్నావు దీనికి?"

"మాత్రలు పెడతంది పిన్నీ, అన్నానికి బదులు," అంది మా అమ్మాయి.

"ఇంకా మాత్రలేటే? రోగం పోయినాక కూడా మింగితే పేగులు కాలిపోవా?"

ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. ఆ జూన్‌లో దాని స్కర్టు నడుం దగ్గర హుక్కు రెండు వేళ్లు జరిపాను. జరుపుతూ మురిసిపోయాను. పొడవు చూస్తే పోయినేడు కొలతే వచ్చింది. టేపు పాతది, సాగిపోయి తక్కువ చూపిస్తోందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. లోపలి గదిలో కొత్త టేపు ఉంది. దాంతో కొలవలేదు.

ఆ వారమే మాత్రలు ఆపేశాను.

పదిహేను రోజులకి బళ్లో వాంతులు చేసుకుని పడిపోయింది. మళ్లీ నాగపూర్. పేగు ఒకచోట సన్నబడి మూసుకుపోయిందని జానెడు ముక్క కోసి తీసేశారు. ఎందుకు ఆపారని డాక్టరు అడిగాడు.

"బాగయిపోయింది కదా సార్. ఒళ్లు చేసింది."

"అది బలం కాదు, మందు వల్ల వచ్చిన వాపు," అన్నాడు హిందీలో. తరవాత నెమ్మదిగా, "యే బీమారీ సోతీ హై బహెన్‌జీ, మర్తీ నహీ," అన్నాడు. ఈ జబ్బు నిద్రపోతుంది, చావదు అని.

పెద్దయ్యాక ఎలా ఉంటుందని అడిగాను. చదువుకుంటుంది, పని చేసుకుంటుంది అన్నాడు. కొన్నేళ్లు బాగుంటుందట, కొన్నేళ్లు మంచం పడుతుందట. మళ్లీ కొయ్యాల్సి రావచ్చట. మందు మాత్రం జీవితమంతా. ఎదిగే వయసు కొద్ది ఏళ్లే, ఆ ఏళ్లలో పేగు కుదురుగా ఉంటేనే ఎత్తు పెరుగుతుంది అన్నాడు. "రెండేళ్లలో ఎంత ఎదిగింది?"

లైనులో పిల్లలందరి ఎదుగుదల చెప్పే నేను, "ఒకటే కొలత సార్," అన్నాను.

తరవాత ఒక్క పూట మాత్ర తప్పనివ్వలేదు. అయినా జబ్బు రెండుసార్లు తిరగబెట్టింది. అన్ని జూన్లలోనూ ఒక్క ఏడాదే మడత విప్పాను, అదీ వేలెడు. పోయినేడు ఇంకా ఎదుగుతుందో లేదో చూడ్డానికి ఎడమ చేతికి ఎక్స్‌రే తీసి, ఎముకలు కలిసిపోయాయి, ఇంక పెరగదు అన్నారు. నా భుజం దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు ఉర్లాలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో టైపు చేస్తుంది. నొప్పి వచ్చిన వారం వెళ్లదు. మొదటిరోజు బస్సు కండక్టరు, "బేటీ, స్కూల్ ఇధర్ నహీ హై," అన్నాడట, బడి ఇటు లేదమ్మా అని. నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

మొన్న దానికి సల్వారు కుట్టాను. వేసుకుని చూసి కిందికి వంగింది.

"ఏటమ్మా ఇది, ఇంకా మడతెట్టినావు?"

"చెయ్యి అలవాటే."

"తీసీ. నడిస్తే కాలికి తగుల్తంది."

కత్తెర తెచ్చి తీసేశాను. అది పక్కనే నిలబడి చూసింది.

ఇలాంటి పిల్లలున్న తల్లులు చదివితే, మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. టేపుది తప్పనుకున్నందుకు నేను ఎవరిని క్షమించమనాలో తెలియదు. అమ్మాయి ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఈ రాతలో తప్పులకి మాత్రం మీరున్నారు, మన్నించండి.