వల ఒడ్డెక్కేదాకా పాట

ఏడో తరగతిలో బడి మానేసిన నేను, డెబ్బైల నాటి ఓ ఇంగ్లిషు రాక్ బ్యాండు ఆల్బమ్‌లన్నీ వరసగా వింటున్నాను. ముక్క అర్థం కాదు, పరీక్ష పెట్టేవాడూ లేడు. ఒక్కో పాట ఇరవై నిమిషాలు. మా రాజమండ్రిలో ఎవరికి వినిపించినా మూడో నిమిషానికే లేచిపోతారు. ఒక్కరైనా చివరిదాకా వింటే చాలనుకునేవాణ్ణి.

ఓసారి కళింగపట్నం వెళ్లినప్పుడు, సముద్రం ఒడ్డున వల లాగుతున్నవాళ్లకు సరదాగా నేనూ ఓ చెయ్యి వేశాను.

"ఊరికే లాగుతావేటల్లుడా? పాట అందుకో," అన్నాడు ముందున్న పెద్దాయన. అక్కడ వల ఒడ్డెక్కేదాకా పాట ఆగకూడదట. నాకు గొంతు లేదు. ఫోన్లో అన్నిటికన్నా పొడుగు పాట గట్టిగా పెట్టాను. డ్రమ్ము దెబ్బకో లాగుడు చొప్పున అందరూ లాగారు. పాట పూర్తయింది. ఎవరూ ఆపమనలేదు!

"ఎలా ఉంది మావా?" అన్నాను ఉప్పొంగిపోతూ.

"బాగున్నాది గానీ, వల ఇంకా నీటిలోనే ఉన్నాది. నీ పాట అప్పుడే అయిపోనాదేటి?"