బానెట్ కింద నేత పట్టీ

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర సిటీ బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనే ఆగిన లారీ డ్రైవరు బానెట్ ఎత్తి, అది ఆనే రబ్బరు బొడిపెలను తుడిచి, వేలితో కాస్త గ్రీజు రాశాడు. ఎందుకు బాబూ అని అడిగాను, తెలిసే. "లేకపోతే కిర్రుమని చంపుద్దండీ, పైగా రేకు అరిగిపోద్ది" అన్నాడు. నాకు మా బావ లారీ గుర్తొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సర్కారు వేలంలో మా అక్క భర్త ఒక మిలిటరీ లారీ కొన్నాడు. మాది మగ్గం నేసే కుటుంబం. చక్రాలను నమ్ముకున్న మొదటివాడు ఆయనే. ఇంజను బాగానే ఉంది గానీ బానెట్ మాత్రం కిర్రుకిర్రుమంటూ ఊరూరికీ కబురు పెడుతూ పోయేది. బెజవాడ బట్టల షావుకారు ఒకాయన పెళ్ళిళ్ళకూ పండగలకూ ఏలూరుకు చీరల బేళ్ళు పంపేవారు. ఆ సరుకు చిక్కితే లారీకి ఏడాది పొడుగునా పని. చిక్కకపోతే బావ మళ్ళీ మగ్గం గుంటలో దిగాల్సిందే. షావుకారు ఒకసారి చెవి ఒగ్గి విని, "ఏవయ్యా, నీ బండి హనుమాన్ జంక్షన్ చేరకముందే పళ్ళు రాలగొట్టుకునేట్టుందే! ఆదివారం నేనే ఎక్కి గన్నవరం దాకా వస్తా, అప్పుడు చూద్దాం" అన్నారు.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినా, సాయంత్రాలు గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు యంత్రాల పుస్తకాలు చదివేవాణ్ణి. బానెట్ అంచు రేడియేటరు చట్రం మీద నేరుగా ఆనకూడదనీ, మధ్యలో నేసిన నూలు పట్టీ ఉండాలనీ, దానికి కందెన పట్టించాలనీ అందులో ఉంది. మా లారీ పట్టీ ఎప్పుడో చివికిపోయింది. రేకూ రేకూ రాసుకుని, రంగు లేచిపోయి ఇనుము మెరుస్తోంది. "రాపిడి, బావా, రాపిడి!" అంటూ అరగంట ఉపన్యాసం ఇచ్చాను.

"సరేలే పంతులూ, పట్టీ ఏదీ?" అన్నాడాయన.

పట్టీకి మా ఇంట్లో కొదవా? మగ్గం మీద మిగిలిన పడుగు నూలుతో రెండు వేళ్ళ వెడల్పున దళసరిగా నేనే నేశాను. బిగించి, పైన ఆముదమూ గ్రీజూ దండిగా పూశాను. శుక్రవారం లారీ కదలగానే మునుపటి కంటే గట్టిగా ఏడ్చింది. బావ బండి ఆపి నా వైపు తిరిగాడు. "ఈ ఏడుపు కూడా నీ పుస్తకంలో రాశారా?" అన్నాడు.

అక్క వచ్చి పట్టీని గోటితో గీకింది. "ఒరే తమ్ముడూ, గంజి పట్టించిన పడుగురా ఇది. అట్టలాగా ఉంది. నూనె ఏం తాగుద్దిరా, చదువుకున్నోడా?"

పడుగుకు గంజి పట్టించడం మాకు అన్నంలో ఉప్పు వేయడం లాంటిది. అది ఉందన్న సంగతే తోచదు. అక్క పట్టీని సబ్బునీళ్ళలో ఉడకబెట్టి, జాడించి, ఎండేసి, మెత్తబడ్డాక ఒక పూటంతా ఆముదంలో నానేసింది. శనివారం నేను ఇనుప అంచులు శుభ్రంగా తుడిచి, పిండిన పట్టీని బిగించి, ఈసారి గ్రీజు పలచగా రాశాను.

ఆదివారం షావుకారు బావ పక్కన కూర్చున్నారు, ఆయన పక్కన నేను. కంకర రోడ్డు మీద ఇంజను మోత తప్ప ఇంకేమీ లేదు. నేను ప్రతి గుంతకూ ఊపిరి బిగబట్టాను. రామవరప్పాడు దాటేసరికి షావుకారు తల నా భుజం మీద వాలింది, తర్వాత గురక. నేను నోరు తెరవబోతే బావ తన పెదవుల మీద వేలుంచుకున్నాడు.

గన్నవరంలో ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, "వచ్చేశామా అప్పుడే? బేళ్ళు బుధవారం ఎక్కించుకోండయ్యా" అన్నారు.

ఇప్పుడు బావా లేడు, అక్కా లేదు. బెజవాడ నుంచి ఆ పన్నెండు మైళ్ళూ ఇవాళ బస్సులో ఎంతసేపని! నాకు మాత్రం, భుజం మీద ఆ బరువుతో, కదలకుండా, ఇన్నేళ్ళుగా ఇంకా గన్నవరం వైపు వెళుతూనే ఉన్నట్టుంటుంది.