గొంతులో ఆగే మాట

మా మేడ మీది వాటాలో అద్దెకు దిగినామె నర్సు. భర్తకు తూముకుంట ఫ్యాక్టరీలో పని, ఆమెకు ధర్మవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం. నేను పెనుకొండ హైస్కూల్లో తెలుగు చెబుతాను. పొద్దున హిందూపురంలో ఇద్దరం ఒకే రైలు ఎక్కేవాళ్లం. నేను పెనుకొండలో దిగిపోతే ఆమె ముందుకు వెళ్లేది. మీదే ఊరని అడిగితే "వైజాగ్ సైడు అక్కా" అనేది. ఆ సైడు ఎంత దూరం సాగుతుందో వాళ్లమ్మ వచ్చాక తెలిసింది. అరకు దాటి, ఒడిశా సరిహద్దు కొండల్లో గదబ గిరిజనుల పల్లె వాళ్లది.

వాళ్లమ్మ కంటి ఆపరేషన్‌కు వచ్చింది. కూతురితో ఆమె మాట్లాడే భాష మెట్ల మీదుగా మా వంటింట్లోకి దిగేది. మాట చక్కగా పోతూ పోతూ గొంతులో టక్కున ఆగేది, మళ్లీ సాగేది. కూతురు మాత్రం తెలుగులోనే బదులిచ్చేది.

మా అత్తది కర్ణాటక సరిహద్దున ఉన్న అగళి. లోకంలో మనుషులకు కావాల్సిన మాటలన్నీ కన్నడంలోనూ తెలుగులోనూ కలిపి సరిపోయాయని ఆమె నమ్మకం. కొన్నాళ్లు విని నన్ను పిలిచింది.

"ఆ పెద్దామె గొంతులో ఏమో ఇరుక్కునిండాది మే. మాట మాటకీ పట్టుకుంటాండాది. కూతురు నర్సయి ఏం లాభం?"

అది జబ్బు కాదు, భాష అని నేను చెప్పాను. ఆమె నమ్మలేదు. ఇంతలో పెద్దామెకు దగ్గు పట్టుకుంది. దగ్గు తగ్గితేగాని కంటికి ఆపరేషన్ చేయమన్నారు. కూతురికి డ్యూటీ ఉండటంతో గొంతు డాక్టరు దగ్గరికి నేను తోడు వెళ్లాను. మా అత్తకు తను గెలిచినట్టే అనిపించింది.

డాక్టరు ఆమెను నాలుగు మాటలు మాట్లాడమన్నాడు. ఆమె తన భాషలో ఏదో చెప్పింది. ఆయన తల పంకించి నన్ను అడిగాడు.

"ఇట్ల మాట ఆగిపోయేది ఎప్పటినుంచి ఉండాది?"

"పుట్టినప్పటినుంచి సార్. అది వాళ్ల భాష, గుతోబ్ అంటారు."

"అంటే తెలుగులోనే అదొక యాసనా?"

కాదన్నాను. ఆయన వాదించలేదు. దగ్గు మందు రాసి, దాని కింద గొంతు పరీక్ష కూడా రాసి, కొన్నాళ్లు మాటలు తగ్గించమన్నాడు.

బయటికొచ్చాక పెద్దామె సంతల్లో నేర్చుకున్న తెలుగులో అడిగింది. "డాట్రుబాబు ఏటన్నాడమ్మా?"

"మాటలు తగ్గించమన్నాడు."

"ఆ మాటలాడీవోలే మాకాడ తగ్గిపోనారు. ఇంకేటి తగ్గిస్తాను?" అని ఆటో ఎక్కి కూర్చుంది.

నాకు ఉచ్చారణ మీద కొంచెం గర్వం ఉంది. ళకారం పలకని పిల్లల్ని పలికేదాకా వదలను. ఆ ధైర్యంతోనే ఆమెను ఒక మాట నేర్పమన్నాను. నీళ్లను వాళ్లు 'డా' అంటారు. అయితే చివర గొంతు మూసుకోవాలి. దానికి మన యాభై ఆరు అక్షరాల్లో ఒక్కటీ పనికిరాదు. నేను మూస్తే 'డాక్' అయింది, మూయకపోతే 'డా...' అని పాటలా సాగింది. ఆమె ఓపికగా విని, "అలగంటే నీళ్లెవులూ ఇవ్వరు" అంది.

ఈలోగా ఒక పరిశోధకుడు వచ్చాడు. అంతరించిపోతున్న భాషలను రికార్డు చేసే కుర్రాడు. వానలకు కొండ దారి తెగిపోయి వాళ్ల పల్లెకు పోలేక, బంధువుల ద్వారా విచారించి హిందూపురం రైలెక్కాడు. అతనికి చప్పుడు లేని చోటు కావాలి. మా వీధిలో కూరగాయల ఆటో మైకు ఆగితే పెళ్లి మైకు మొదలవుతుంది. అందుకని ఆదివారం అందరం పెనుకొండలో మా స్కూలుకు వెళ్లాం.

మైకు చూడగానే పెద్దామె కొంగు సర్దుకుని, అడిగినవాటికన్నింటికీ తెలుగులో జవాబిచ్చింది. మైకు ముందు తెలుగులో మాట్లాడాలని ఆమెకు ఆఫీసర్ల మీటింగులు నేర్పాయి. కుర్రాడు ఎంత బతిమాలినా ఫలితం లేదు. ఫోనొచ్చి అతను బయటికి పోగానే, ఆమె కూతురివైపు తిరిగి గుతోబ్‌లో ధారగా మాట్లాడింది. మా ఊళ్లో సంగటి గురించట, ఒక్క మంచి మాట లేదట. మైకు ఆన్‌లోనే ఉంది. తిరిగొచ్చి విన్న కుర్రాడి కళ్లు మెరిశాయి. ఈ భాషకు తెలుగు చుట్టం కాదనీ, దీని చుట్టాలు కంబోడియా, వియత్నాంల దాకా ఉన్నాయనీ చెప్పాడు. ఆ గొంతు ఆగడమే తనకు కావాల్సిందన్నాడు.

ఆపరేషన్ అయి ఆమె కంటికి పచ్చ అద్దం పెట్టుకుని తిరిగే రోజుల్లో రికార్డింగు వాట్సాప్‌లో వచ్చింది. మేడ మీద అందరం చుట్టూ కూర్చుని విన్నాం. గాలి చప్పుడు లేదు, బెంచీ చప్పుడు లేదు, పెద్దామె గొంతు ఎక్కడా ఆగలేదు. ఆమె కాసేపు విని, "ఎవులిదీ? ఒడియావోలు మా మాట ఆడినట్టుంది" అంది.

కుర్రాడికి ఫోన్ చేశాను. అనవసరమైన చప్పుళ్లు తీసేసే సాఫ్ట్‌వేర్ వాడాననీ, అది ఆగిన చోట్లన్నీ పూడ్చేసినట్టుందనీ నొచ్చుకున్నాడు. అసలుది భద్రంగా ఉంది, మళ్లీ పంపిస్తానన్నాడు. అది రాకముందే అతనికి వేరే భాష అప్పగించారు.

తల్లిని రైలెక్కించి వచ్చిన మర్నాడు పొద్దున మా రైల్లో నర్సు కిటికీ పక్కన కూర్చుంది. నువ్వెందుకు ఆమెతో తెలుగే మాట్లాడతావని అడిగాను.

"హాస్టల్లో నన్ను ఎక్కిళ్ల పిల్ల అనేవాళ్లు అక్కా. మంచినీళ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు, నవ్వుతూ. మాటలన్నీ వచ్చు. నోరు తెరిస్తే ఆ గ్లాసే గుర్తొస్తుంది."

పెనుకొండ వచ్చింది, దిగిపోయాను.

ఆ తర్వాత వాళ్ల ఆసుపత్రికి కొత్త హెడ్ నర్సు వచ్చింది. ఆమెదీ హిందూపురమే. మా పెట్టెలోనే ఎక్కి మా ఎదురుగానే కూర్చునేది. సెలవు అడిగితే ఇవ్వదనీ, డ్యూటీలన్నీ తన మీదే వేస్తుందనీ నర్సు నా దగ్గర వాపోయేది, అదీ ఇంట్లోనే. రైల్లో ఎలా చెబుతుంది? తెలుగు, కన్నడం, ఉర్దూ, హిందీ అన్నీ ఆ పెట్టెలో అందరికీ వచ్చు.

ఒక పొద్దున తల్లి ఫోన్ చేసింది. నర్సు ఎప్పటిలా "ఆఁ, చెప్పమ్మా" అంది. తర్వాత ఎదురుగా ఉన్న హెడ్ నర్సును ఒకసారి చూసింది. చూసి, గుతోబ్‌లో మొదలుపెట్టింది. మొదట్లో తడుముకుంది. చిలమత్తూరు రోడ్డు గేటు దాటేసరికి వేగం అందుకుంది. టక్కున ఆగుతోంది, సాగుతోంది. అవతల తల్లి నవ్వు నాకు కూడా వినిపించింది.

ఫోన్ పెట్టేశాక హెడ్ నర్సు ముందుకు వంగింది.

"ఏం భాషమ్మా అది?"

"మా ఊరి భాష మేడమ్."

"వినేదానికి శానా బాగుండాది" అందామె. "దినామూ మాట్లాడుతాండు."