మెయిన్ ఆపే అలవాటు

ఆయన్ని అందరూ మెయిన్ మేస్త్రీ అనేవారు. నలభై ఏళ్లు ఇళ్లకు కరెంటు పని చేసినవాడు. మెయిన్ స్విచ్చు ఆపనిదే స్క్రూడ్రైవర్ ముట్టడు, గడప దాటడు. భార్య పురిటినొప్పులతో కారులో మెలికలు తిరిగిపోతుంటే, వెనక్కి వెళ్లి మెయిన్ ఆపి మరీ వచ్చిన ఘనుడు. ఆ మాట చెప్పి ఆమె ఇప్పటికీ దెప్పుతుంది.

పని మానేశాక పాత వ్యాను కొని మంచం, స్టవ్వు, కుళాయి, బ్యాటరీ, దానికో మెయిన్ స్విచ్చు అన్నీ తనే బిగించాడు. ఇద్దరూ కలిసి ఊళ్లు తిరగాలని ఎన్నాళ్లనుంచో కోరిక. అంతలో ఆమెకు పక్షవాతం వచ్చింది. ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన కుడిచెయ్యి పడిపోయింది. ఆరు నెలలకు సగం తిరిగొచ్చింది. ప్రయాణం మాత్రం మానుకోలేదు. తినిపించడం, జడ వెయ్యడం, గుండీలు పెట్టడం ఆయన వంతు. పళ్లు ఒక్కటే ఆమె తనంతట తానే తోముకునేది. కూతురు కొనిచ్చిన కరెంటు బ్రష్షు దానంతటదే తిరుగుతుంది, పంటికి ఆనించి పట్టుకుంటే చాలు. రోజు మొత్తంలో ఆమెకు మిగిలిన సొంత పని అదే.

వ్యానెక్కిన వారానికి బ్రష్షు మూలగడం మొదలుపెట్టింది. మర్నాటికి ఆగిపోయింది.

"ఛార్జింగు స్టాండులో సరిగ్గా పెట్టడం లేదు నువ్వు," అన్నాడు మేస్త్రీ.

"పెట్టానండీ. పడుకోబోయే ముందే పెట్టాను."

ఆయన మెయిన్ వేసి, బ్రష్షును స్టాండులో ఒక్క క్షణం నిలబెట్టి చూశాడు. పచ్చదీపం వెలిగింది. "చూశావా? ఇందులో లోపమేమీ లేదు."

అంటే లోపం ఎక్కడున్నట్టు? ఆమె తన కుడిచేతివైపు చూసుకుంది. ఆ రాత్రి ఎడమచేత్తో కూడా అదిమి పెట్టింది. తెల్లారితే మళ్లీ అదే కథ. ఆయనా మళ్లీ అదే పాట. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

మూడో రోజు ఆమె బ్రష్షును స్టాండులో పెట్టేసి, "ఇక మీరే తోమండి. ఈ చేతిని నమ్మలేను," అంది. ఆయన మామూలు బ్రష్షుతో తోముతున్నంతసేపూ కళ్లు గట్టిగా మూసుకుంది.

ఆ తర్వాత బండి తీయబోతూ మేస్త్రీ అలవాటుగా మెయిన్ ఆపాడు. ఎదురుగా స్టాండు మీద పచ్చదీపం ఆరిపోయింది. మళ్లీ వేశాడు, వెలిగింది. ఆపాడు, ఆరింది. రోజూ పడుకునే ముందు ఆమె బ్రష్షు పెట్టాక, మెయిన్ ఆపి రాత్రంతా దానికి కరెంటు అందకుండా చేస్తున్నది తనే. ఆయనకు తల కొట్టేసినట్టయింది. అన్నన్ని మాటలు ఎవరిని అన్నాడు!

ఆ రోజు బండి కదల్లేదు. వ్యానెక్కాక మొదటిసారి మెయిన్ ఆపకుండా పడుకున్నాడు. తెల్లారి బ్రష్షు నొక్కితే కొత్తదానిలా గుర్రుమంది.

"ఇదిగో చూడు. నీ చెయ్యి బాగానే ఉందే. తప్పు నాది. మెయిన్ ఆపేస్తున్నది నేనే."

ఆమె జాలిగా నవ్వింది. "ఊరుకోండి. నలభై ఏళ్లలో మీ పనిలో ఎప్పుడైనా తప్పొచ్చిందా? నేను బాధపడతానని మీ నెత్తిన వేసుకుంటున్నారు."

"ఒట్టే. నా మాట నమ్ము."

"సరే లెండి," అని ఆమె మంచం అంచుకు జరిగింది. ఆయన అందిస్తున్న బ్రష్షు తీసుకోలేదు. కళ్లు మూసుకుని నోరు తెరిచింది.