గోడవైపు తిరిగిన బాపు ఫొటో

నేను డిజైన్ కంపెనీలో సీనియర్ ఆర్ట్ డైరెక్టర్‌గా రిటైరవడానికి కొద్ది నెలల ముందు, ఒక ఆగస్టులో, నా చివరి పని చేతికొచ్చింది. మొయినాబాద్ దగ్గర కనకమామిడిలో కొత్తగా తెరుస్తున్న బిస్కెట్ల బట్టీకి పాతకాలపు తీరులో 'ఐడెంటిటీ' తయారు చేయాలి. అంటే పేరు రాసే తీరు, రంగు, కార్డు, డబ్బా మీది లేబులు అన్నీ ఒకే ఇంటివిలా ఉండాలి. బట్టీ పేరు 'పొద్దుగాల'. యజమాని వసంత ఒకటే షరతు పెట్టింది: అచ్చు వేలికి తగలాలి. లేకపోతే పని చవగ్గా అయ్యే ఆఫ్‌సెట్ ప్రెస్సుకు పోతుంది. ఉద్యోగమంతా కంప్యూటర్ తెర మీదే అక్షరాలు జరిపిన నాకు, దిగిపోయేలోగా ఒక్కసారైనా సీసపు అక్షరాలతో పని చేయాలని ఒకటే పిచ్చి.

చేవెళ్లలో సుగుణమ్మకు కాలితో తొక్కే పాత ట్రెడిల్ అచ్చు మిషను ఉంది. పెళ్లి కార్డులు, చర్చి కూటాల కరపత్రాలు వేస్తుంది. పని నేర్పిన వాళ్ల నాన్న, ఆమె మాటలో బాపు, ఇప్పుడు లేడు. ఆయన ఫొటో మిషనుకు ఎదురుగానే ఉంటుంది. మొదటి ప్రూఫు చూసి నేను మురిసిపోయాను. నా వెంట వచ్చిన వసంత మాత్రం తడిమి పెదవి విరిచింది. "నున్నగున్నది సార్. జిరాక్స్ లెక్కనే ఉన్నది," అంది.

సుగుణమ్మకు చుర్రుమంది. ఈ పనిలో అక్షరం కాగితాన్ని తాకీ తాకనట్టు తాకాలి. వెనకవైపు ఉబ్బితే అది చెత్త అచ్చు. ఇప్పటి మోజంతా గట్టిగా ఒత్తితే అక్షరం కింద పడే గుంట మీదే.

"ఎనక ఉబ్బితే మా బాపు చెవి మెలేసెటోడు. గసొంటి పని నేన్జెయ్య," అని మిషను వదిలేసింది.

వసంతే అందుకుంది. "జర గట్టిగ ఒత్తు అవ్వా! నేను మెల్లగ ఒత్తితే బిస్కెట్ మీద పేరు అవుపడ్తదా?"

సుగుణమ్మ లేచింది. బాపు ఫొటోను గోడవైపు తిప్పేసింది. "ఇగ గానియ్యుండ్రి," అంది. నాకు నవ్వాగితే ఒట్టు!

కాగితం కింద ఆనిక కోసం వేసే అట్టల్ని ప్యాకింగ్ అంటాం. సుగుణమ్మ వాటిని ఇంకొన్ని దూర్చి, దబదబా తొక్కింది. వసంత కళ్లు మూసుకుని, వేలితో 'పొద్దుగాల' అని కూడబలుక్కుంది. "అబ్బబ్బ, గిదే! గిదే సార్!" ముగ్గురం చప్పట్లు కొట్టాం. మోకాళ్ల నొప్పులు మరిచిపోయి నేను మిషను చుట్టూ గంతులేశాను. అంత సంతోషం నా ఉద్యోగంలో ఎన్నడూ ఎరగను.

పాత మిషనుతో పాటు పాత నియమం కూడా వస్తుందని ఆ రోజు తెలిసింది. దాన్ని మీరమని అడిగే ముందు, అది ఎవరు పెట్టిన నియమమో తెలుసుకోవాలి.

ఆర్డరంతా అయ్యాక సుగుణమ్మ ఫొటోను మళ్లీ ఇటు తిప్పింది. ఒక కార్డు పైకెత్తి బాపుకు చూపించింది, ముందువైపు మాత్రమే.